ఒత్తిగ చెంగల్రాయన్

ముత్తియాల్‌పేటలో మా ఇంటి ఓనరు కె. చెంగల్రాయన్‌గారు రిహార్సలు వేసుకోకుండా ఏ పనీ చేయరు. ఏ పనీ అంటే ఏ పనీ. బ్యాంకుకు వెళ్లాలన్నా, బంధువుల ఇంటికి వెళ్లాలన్నా, పక్కింటివాళ్లతో తగువు పెట్టుకోవాలన్నా ముందు ఇంట్లో ఒకసారి చేసి చూసుకోవాల్సిందే. రిహార్సల్‌ని అక్కడి తెలుగువాళ్లు తమిళం నుంచి తెచ్చుకుని ఒత్తిగ అంటారు. అందుకని వీధి వీధంతా ఆయన్ని ఒత్తిగ చెంగల్రాయన్ అంటుంది. ఆయనకు ఆ సంగతి తెలుసు. గర్వంగానే ఉంటుంది.

నేను యానాం నుంచి బదిలీ మీద పాండిచ్చేరి వచ్చి, వాళ్ల మేడ మీది గదిలో అద్దెకు దిగిన రోజు మంచినీళ్లకన్నా ముందు నాకు రిహార్సలు ఇచ్చారు. సూట్‌కేసు ఇంకా నా చేతిలోనే ఉంది.

"వెన్నెలమ్మా, ఇప్పుడు నువ్వు ఆపీసు నుంచి లేటుగా వస్తివి అనుకో. గేటు తెరువు చూస్తాం."

తెరిచాను.

"అట్ల కాదు. గొళ్లెం శబ్దం చేస్తే ఎదురింటి కుక్క లేస్తాది. ఇంగొక తడవ."

మళ్లీ తెరిచాను. ఇంగొక తడవ. మళ్లీ. ఐదోసారికి ఆ కుక్క నిజంగానే లేచి వచ్చి, గేటు ముందు కూర్చుని, మేము చేస్తున్నది శ్రద్ధగా చూసింది. ఆరోసారి నేను పాసయ్యాను. అప్పుడు అమృతవల్లి పిన్నిగారు, అంటే ఆయన భార్య, లోపలి నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి, "ఇంత శీఘ్రంగా విడిచిపెట్టినాడే నిన్ను" అని మెచ్చుకున్నారు.

బాబాయిగారు, అంటే చెంగల్రాయన్‌గారు, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఏటా నవంబరులో పింఛనుదార్లందరూ వెళ్లి తాము బతికే ఉన్నామని కనపడి రావాలి కదా. దానికి కూడా ఆయన రిహార్సలు వేస్తారు. పిన్నిగారిది అధికారి వేషం. కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని, ఆయన్ని కిందా మీదా చూస్తారు.

"ఫోటోలో ఉండే మనిషి మీరేనా?"

"నేనే సార్."

"నమ్మకం లేదే. ఫోటోలో జుట్టు ఉండాది."

"రాలిపోయింది సార్."

"అయితే మీరు బతికి ఉండేదానికి రుజువేంది?"

బాబాయిగారు నిజంగానే తడబడ్డారు. పిన్నిగారికి వేషం వేస్తే దయాదాక్షిణ్యాలు ఉండవు. ముప్పావు గంట ప్రశ్నలు వేసి, చివరికి "రేపు రండి" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. మర్నాడు బ్యాంకులో అసలు అధికారి మొహం కూడా ఎత్తకుండా రెండు నిమిషాల్లో పంపేస్తే, ఈయన చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చారు. అంతా ప్రిపేరయి వెళితే ఏమీ అడగలేదట.

అన్నిటికన్నా ఘనమైంది నరేంద్రన్‌గారి విషయం. మూడిళ్ల అవతల ఉండే ఆయనకు ఒకసారి ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. బాబాయిగారు నన్ను కిందికి పిలిచారు.

"ఊరికే జాగ్రత్తకమ్మా. దేవుడి దయవల్ల ఏమీ కాదు. అయినా పరామర్శకు పోవాల్సి వస్తే ఏం మాట్లాడాలో తెలియక అక్కడ నిలబడకూడదు గదా."

పిన్నిగారు నరేంద్రన్‌గారి భార్యగా చాప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను బంధువుల్ని, అందరినీ కలిపి. బాబాయిగారు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, తల వంచుకుని నడిచొచ్చి, "మంచి మనిషి. ఒకరికి చెడుపు చేసినవాడు కాదు" అని గొంతు గద్గదం చేసుకున్నారు. పిన్నిగారు ఏడుపు అందుకున్నారు.

"ఈ నిచ్చెన యాడ పెట్టేది?" అని గుమ్మం దగ్గర ఎవరో అడిగారు.

నరేంద్రన్‌గారు. ఆ పొద్దున్నే ఆస్పత్రి నుంచి వచ్చేశారట, గ్యాస్ నొప్పేనట. ఎప్పుడో తీసుకెళ్లిన నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చారు. నాకు భూమిలోకి కూరుకుపోతే బాగుండనిపించింది. బాబాయిగారికి అలాంటి మొహమాటాలు లేవు.

"వచ్చినావా, మంచిదయింది. అట్ల కూర్చో. విని చెప్పు ఎట్లుండాదో."

నరేంద్రన్‌గారు కూర్చున్నారు. తన గురించి చెప్పిందంతా, పిన్నిగారి ఏడుపుతో సహా, సాంతం విన్నారు. కాసేపు ఆలోచించి, "కోవిల కమిటీలో పదేండ్లు ఉంటిని. అది చెప్పలేదే" అన్నారు.

"అవును సుమీ. సరి, ఇంగొక తడవ."

ఇలాంటి మనిషి చేతికి ఒపేరా దొరికింది.

ఊళ్లో పాత ఫ్రెంచి పేట అయిన వైట్ టౌన్‌లో ఒక సాంస్కృతిక సంఘం వాళ్లు ఆ ఏడు ఒక ప్రకటన వేశారు. ఊళ్లో మామూలు జనం ఎవరైనా ఫలానా ఫ్రెంచి ఒపేరాలోంచి కొన్ని ఘట్టాలు వేయవచ్చు, హాలు మేమిస్తాం అని. నరేంద్రన్‌గారి మనవరాలు అనుప్రియ అక్కడ ఫ్రెంచీ, కీబోర్డూ నేర్చుకుంటుంది. కబురు ఆ పిల్లే తెచ్చింది. ఆ ఒపేరా పేరు నాకిప్పటికీ నోరు తిరగదు కాబట్టి రాయడం లేదు. కథ మాత్రం తేలికే. ఒక వీరుడుంటాడు. లోకంలో అందరూ ఆడినమాట తప్పరని నమ్మే పిచ్చి మారాజు. ఒక రాకుమారి "ఈ వంతెన మీదుగానే తిరిగొస్తాను, కాపు కాయి" అని చెప్పి వెళుతుంది. ఆమె ఎప్పుడో పడవెక్కి పోయిందని ఊరంతా చెప్పినా వినకుండా, ఎండలో వానలో ముప్పై ఏళ్లు ఆ వంతెన దగ్గరే నిలబడి పాడుతుంటాడు. చివరికి ఆమె వస్తుంది.

బాబాయిగారు చిన్నప్పుడు ఫ్రెంచి బళ్లో చదువుకున్నారు. రెండు రోజులు కూర్చుని పుస్తకం చదివి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

"ఇట్లాంటి మనిషి ఉంటాడా అమ్మా?"

"అదే ఎక్కడా ఉండడని కదండీ ఒపేరా రాసుకున్నారు" అన్నాను.

"మన వీధిలో వేస్తాం. వీరుడు సుబ్బరాయలు."

పిన్నిగారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఎందుకో చెప్పాలి.

సుబ్బరాయలుగారిది మా ఎదురిల్లు, ఆ కుక్క ఉన్న ఇల్లు. మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. బాబాయిగారికి చిన్ననాటి స్నేహితుడు. పొద్దున ఆరున్నరకు ఆయన స్నానాలగదిలో పాడుతుంటే వీధిలో పాలవాడు బండి ఆపేస్తాడు. అంత గొంతు. తలుపు తెరిచి బయటికి రాగానే ఆ గొంతు మాయం. మనిషి మొహం కనిపిస్తే ఆయన పాడలేరు. నలభై ఏళ్ల కిందట విల్లియనూరులో సొంత చెల్లెలి పెళ్లిలో పాడతానని స్టేజీ మీద మైకు ముందు నిలబడి, నోరు తెరిచి, తెరిచిన నోరు తెరిచినట్టే ఐదు నిమిషాలు ఉండిపోయారట. పెళ్లికొచ్చినవాళ్లు నవ్వారట. అప్పటినుంచి పాట స్నానాలగదికే.

"ఒక్క తడవైనా మనుషులు వినేటట్టు పాడాలని వానికి ఆశ" అన్నారు పిన్నిగారు నాతో. "పాడితే చచ్చిపోతానని భయం. పావం, రెండూ ఉండాయి."

సుబ్బరాయలుగారు వీరుడి వేషం అనగానే వెళ్లిపోవడానికి లేచారు. బాబాయిగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"షో సంగతి ఎవడు అడిగినాడురా? ఊరికే ఒత్తిగకు రా."

"ఒత్తిగేనా?"

"ఒత్తిగే."

"ఒత్తిగ అయితే సరి. తప్పయినా దిద్దుకోవచ్చు" అని ఆయన ఒప్పుకున్నారు.

రెండు నెలలు మా కింది హాలు ఫ్రాన్సు దేశమైంది. రెండు బల్లలు, వాటి మీద పాత తలుపు చెక్క. అదే వంతెన. మా వీధి చివర రేకుపని చేసే ఆయన నూనె డబ్బా కత్తిరించి వీరుడికి ఇనుప టోపీ చేసిచ్చాడు, మొహం మీదికి దించుకునే రేకు మూతతో సహా. వెండిరంగు వేశారు కానీ వెనకవైపు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ చెరగలేదు. "ప్రేక్షకులకు వీపు చూపొద్దు" అని బాబాయిగారి ఆర్డరు. కళ్లజోడు కూడా తీయించేశారు, ఆ కాలం వీరులకు కళ్లజోళ్లు లేవని. సుబ్బరాయలుగారికి కళ్లజోడు లేకపోతే బల్లకూ మనిషికీ తేడా తెలియదు. మొదటి వారం కత్తితో రెండుసార్లు అమృతవల్లి పిన్నిగారిని కాపాడబోయి బీరువాని కాపాడారు.

రాకుమారి పిన్నిగారే. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే రాకుమారి కాబట్టి జుట్టు నెరిసినా పరవాలేదు. మోకాళ్ల నొప్పితో ఆమె ఆ బల్ల ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టేది.

"శీఘ్రం ఎక్కు, పాట అయిపోతా ఉండాది" అని బాబాయిగారు కసిరేవారు.

"ముప్పై ఏండ్లు నిలబడినాడు గదా, ఇంగ రెండు నిమిషాలు నిలబడితే ఏం పోయింది?"

వంతెన కావలివాడు నరేంద్రన్‌గారు. రెండో ఘట్టంలో కావలివాడు చనిపోవాలి. ఆయన ససేమిరా అన్నారు.

"ఈ హాల్లో నన్ను ఒక తడవ సాగనంపినారు. చాలు."

"కథలో అట్ల ఉండాదిరా."

"కథ మార్చు. మూర్ఛపోతా. తర్వాత లేచి ఇంటికి పోతా."

"ఒపేరా రాసినాయన ఒప్పుకోడు."

"ఆయన లేడు. నేను ఉండా."

కావలివాడు మూర్ఛపోయి, లేచి, పంచె దులుపుకుని ఇంటికి వెళ్లేట్టు కథ మారింది.

వీటన్నిటి మధ్య సుబ్బరాయలుగారు పాడేవారు. ఒక్క ముక్క ఫ్రెంచి రాని ఆ మనిషి, అనుప్రియ నేర్పిన మాటల్ని పట్టుకుని, డబ్బా టోపీలోంచి పాడుతుంటే నాకు వంటి మీద రోమాలు నిలబడేవి. బాబాయిగారు మాత్రం మమ్మల్నందర్నీ వందసార్లు ఆపేవారు గానీ ఆయన పాటను ఎప్పుడూ ఆపేవారు కాదు. రెండుమూడు రోజులకొకసారి వీధిలో ఒకరిని పిలిచి గోడ పక్కన కూర్చోబెట్టేవారు. ముగ్గురు, నలుగురు, ఆరుగురు. సుబ్బరాయలుగారు సర్దుకుంటూ వచ్చారు. ఎనిమిదో మనిషి వచ్చిన సాయంత్రం నోరు తెరిచారు, అంతే. ఏమీ రాలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "నా వల్ల కాదురా చెంగా" అన్నారు.

వైట్ టౌన్ హాల్లో మూడు వందల కుర్చీలున్నాయి.

షో ఆదివారమని బాబాయిగారు వేషాలు వేసే మా అందరికీ చెప్పారు. శనివారం ఆ హాల్లోనే వేషాలతో ఒత్తిగ అన్నారు. శనివారం పొద్దున మేడ మీదికొచ్చి, తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించారు.

"వెన్నెలమ్మా, షో ఈ పొద్దే."

"ఆదివారం కదండీ?"

"సుబ్బుకు ఆదివారం. తక్కినోళ్లందరికీ ఈ పొద్దు."

ఆయన జేబులోంచి కాగితం తీశారు. అందులో ఉన్నది మూడు భాషల్లో మూడు వందల చీటీలు రాయించాలట. వీరుడు టోపీ తీసేదాకా దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టవద్దు, నవ్వవద్దు, ఇది మా వీధి సంప్రదాయం అని.

"మన వీధికి అలాంటి సంప్రదాయం ఎక్కడుంది బాబాయిగారూ?"

"ఈ పొద్దు మొదలుబెట్టినాం."

సాయంత్రం హాలు గుమ్మం దగ్గర నేనూ అనుప్రియా చీటీలు పంచాం. సంఘం కార్యదర్శి, ఒక ఫ్రెంచావిడ, చీటీ చదివి చాలా ముచ్చటపడింది. ఈ సంప్రదాయం ఎన్నాళ్లనుంచి ఉందని అడిగి నోటుపుస్తకంలో రాసుకుంది. చాలా పాతదని చెప్పాను, దేవుడు క్షమించుగాక.

లోపల తెర వెనక సుబ్బరాయలుగారు టోపీలో ప్రశాంతంగా ఉన్నారు. మూత దించితే ఆయనకు కాళ్లు మాత్రమే కనబడతాయి. కుర్చీల చప్పుడు విని, "ఏంది సద్దు?" అని అడిగారు. రేపటికోసం కుర్చీలు సర్దుతున్నారని బాబాయిగారు చెప్పారు.

తెర లేచింది. మూడు వందల మంది, సూది పడితే వినబడేంత నిశ్శబ్దంగా. సుబ్బరాయలుగారు వంతెన పక్కన నిలబడి మొదటి చరణం ఎత్తుకున్నారు. గొంతు ఖంగుమంది. నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఐదో వరుసలో ఒక పసిబిడ్డ కెవ్వుమంది.

పాట ఆగింది. టోపీ అటు తిరిగింది.

బాబాయిగారు పక్కనుంచి స్టేజీ మీదికి దూసుకొచ్చారు. పంచె ఎగ్గట్టుకుని, చేతిలో పుస్తకం, నిండు సభ ముందు.

"నిలుపు, నిలుపు. ఎవరి బిడ్డమ్మా ఒత్తిగలో? ఊడ్చేదానికి వచ్చినోళ్లు బిడ్డల్ని ఇంట్లో విడిచి రాకూడదా? సరి. ఇంగొక తడవ."

ఆ తల్లి బిడ్డనెత్తుకుని బయటికి నడిచింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని ఉంది. ముందు వరుసలో ఫ్రెంచావిడ కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. సుబ్బరాయలుగారు మళ్లీ మొదలుపెట్టారు.

రెండో ఘట్టంలో నరేంద్రన్‌గారు మూర్ఛపోయి, లేచి, పంచె దులుపుకుంటుంటే వెనక వరుసలో చీటీ చదవని మహానుభావుడెవరో టపటపా చప్పట్లు కొట్టాడు. బాబాయిగారు అప్పటికే స్టేజీ మధ్యలో ఉన్నారు. గాల్లోకి చేతులు చాపి, టప్, టప్ అని రెండు చేతులూ చరిచారు.

"దోమలు. ఏం దోమలబ్బా ఈ హాల్లో. సముద్రం పక్కన ఇన్ని దోమలు నేను చూసింది లేదు."

టప్. ఎగిరి ఒకటి. వంగి ఒకటి. వంతెన కిందికి దూరి ఒకటి. అరవైతొమ్మిదేళ్ల మనిషి, మూడు వందలమంది ముందు, లేని దోమల్ని వెంటాడుతూ స్టేజీ అంతా తిరిగారు. జనం నోట్లో కొంగులు కుక్కుకున్నారు. ఒకాయన కుర్చీ కిందికి తల పెట్టేసుకున్నాడు. "ఇంగొక తడవ" అన్నారు బాబాయిగారు రొప్పుతూ.

నాకు మహా చిరాకేసింది. పక్కన రాకుమారి ఎర్ర పట్టుచీరలో, మోకాళ్లకు మందు రాసుకుంటూ కూర్చుని ఉన్నారు.

"పిన్నిగారూ, రేపు ఈయన ఊళ్లో తలెత్తుకు తిరగగలరా?"

ఆవిడ రాసుకోవడం ఆపలేదు.

"ఆ పొద్దు పెండ్లిలో సుబ్బన్నను స్టేజీ మీదకు తోసింది ఈయనే అమ్మా. 'ఉండరా, ముందు ఒక తడవ మెల్లిగ పాడి చూసుకుంటా' అని సుబ్బన్న అంటే, 'అదంతా ఎందుకు, పో' అని వీపు మీద చెయ్యి వేసి తోసేసినాడు. ఆ పొద్దు నుంచే ఈ ఒత్తిగ పిచ్చి. ఎవరినీ ఊరికే దేనిలోకీ తోయడు."

నా చిరాకంతా ఎటు పోయిందో తెలియదు. గేటు గొళ్లెం ఆరుసార్లు తీయించిన మనిషి మీద ఒక్కసారిగా చెప్పలేనంత ఇష్టం పుట్టుకొచ్చింది. స్టేజీ మీద ఆయన ఇంకా నుదుటి చెమట తుడుచుకుంటున్నారు.

మూడో ఘట్టంలో పెద్ద పాట. పదకొండు నిమిషాలు. సుబ్బరాయలుగారు మొదలుపెట్టే ముందు చాలాసేపు ఊరకే నిలబడ్డారు. అనుప్రియ కీబోర్డు మీద అదే వరస మూడుసార్లు వాయించింది. పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఎత్తుకున్నారు. ఆ పాట గురించి నేనేం చెప్పినా తక్కువే. స్నానాలగదిలో నలభై ఏళ్లు దాగిన గొంతు ఆ హాలు కప్పును తాకింది. చంకన టోపీ పెట్టుకున్న ఒక ముసలి మాజీ సైనికుడు లేచి నిలబడి విన్నాడు. రాకుమారి బల్ల ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది, ఒక్కరూ నవ్వలేదు.

పాట ఆగాక సుబ్బరాయలుగారు టోపీ తీశారు. ఇక హాలు ఆగలేదు. చప్పట్లు, ఈలలు, కుర్చీల మోత. ఆయన చెయ్యి చాచి "కండ్లజోడు" అన్నారు. పెట్టుకుని, మూడు వందలమందినీ ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా చూశారు. మెల్లగా వంతెన మీద కూర్చున్నారు.

"తేదీ మార్చేసినారంటరా వీళ్లు" అన్నారు బాబాయిగారు ఎటో చూస్తూ. "నాకు కూడా ఇప్పుడే తెలిసింది."

"అట్లనా" అన్నారు సుబ్బరాయలుగారు.

మర్నాడు వీధంతా బాబాయిగారిని చూసి దోమలు కొట్టినట్టు చేతులు చరిచింది. ఆయన ఏమీ అనుకోలేదు. మేడ మీదికొచ్చి, "సుబ్బుకు అసలు సంగతి తెలియనీయొద్దు వెన్నెలమ్మా. మోసం చేసినాననుకుంటాడు" అని నా చేత ఒట్టేయించుకున్నారు.

ఆ సాయంత్రమే ఎదురింటి అరుగు మీద సుబ్బరాయలుగారు నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నారు.

"రెండో ఘట్టంలోనే తెలిసిపోయిందమ్మా నాకు."

"ఎలా తెలిసిందండీ?"

"టోపీలో నుంచి కాళ్లు కనబడతాయి గదా. ముందు వరుసంతా తళతళ మెరుస్తా ఉండాది, కండ్లజోడు లేకున్నా తెలుస్తాది, పాలిష్ పెట్టిన బూట్లని. ఒత్తిగకు పాలిష్ పెట్టుకుని ఎవరు వస్తారు?"

"మరి భయమేయలేదా?"

"వేసింది. టోపీ తీసి పారేసి పోదామనుకుంటిని. అంతలో చూస్తే, నా ముందర చెంగని కాళ్లు ఎగురుతా ఉండాయి. లేని దోమల కోసరం. అంతమంది ముందర వాడు నా కోసరం అట్ల ఎగురుతా ఉంటే, నేను నిలబడి ఒక పాట పాడలేనా అనిపించింది." మా ఇంటి వైపు చూసి అన్నారు, "నాకు తెలుసునని వానికి చెప్పొద్దు. నన్ను ఏమార్చినానని శానా సంతోషంగా ఉండాడు. అట్లనే ఉండనీ."

ఒకరి ఇంటి మేడ మీద కాపురం, ఒకరి అరుగు ఎదురుగా ఆఫీసు దారి. రెండు ఒట్లూ నా మీదే పడ్డాయి. కడుపులో పెట్టుకోలేక చచ్చిపోతున్నాను. ఇద్దరూ తెలుగు మాట్లాడేవాళ్లే గానీ చదవడం మాత్రం ఇద్దరికీ రాదు, వాళ్ల రాతకోతలన్నీ తమిళంలోనే. ఆ ధైర్యంతోనే ఇదంతా ఇక్కడ రాసేశాను. మీరెవరైనా ఆ వీధికి వెళితే ఆయన ఒత్తిగ చూడండి, ఈయన పాట వినండి, పిన్నిగారి కాఫీ తాగండి. ఇది మాత్రం ఎవరికీ చదివి వినిపించకండి.